పాజిటివ్ గీతను ఎంత నమ్మాలి?

ప్రశ్న: నెలలు నిండకుండా పుట్టిన మా పాప ఎన్‌ఐసీయూలో ఉంది. జలుబు లేదు, దగ్గు లేదు. అయినా ఆర్‌ఎస్‌వీ ర్యాపిడ్ టెస్టు పాజిటివ్ అన్నారు. నిజమేనా?

జవాబు: కంగారు పడకండమ్మా. ఇది తప్పుడు పాజిటివ్ కావచ్చు. 1000 మంది పిల్లల్లో శ్వాసకోశాలకు సోకే ఈ ఆర్‌ఎస్‌వీ వైరస్ ఉన్నది అయిదుగురికే అనుకుందాం. లేనివాళ్లలో నూటికి ఇద్దరి విషయంలో టెస్టు పొరబడినా, దాదాపు 20 తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. ఆర్‌ఎస్‌వీ జోరుగా తిరిగే రోజుల్లో, పాపకు ఆయాసం కూడా ఉంటే అదే గీతను నేను నమ్ముతాను. గడువు దాటాక కిట్ చూసినా లేత గీత మోసం చేస్తుంది. అందుకే ఖాయం చేసుకోవడానికి ఆర్‌టీ-పీసీఆర్ చేయమని అడగండి. ఒక్క జాగ్రత్త: ఇలాంటి పసికందుల్లో జలుబు లేకుండానే ఊపిరి ఆగి ఆగి రావడమే తొలి లక్షణం కావచ్చు. ఫలితం వచ్చేదాకా పాపను విడిగా ఉంచనివ్వండి. మీ పాలు మాత్రం ఆపొద్దు.