బడి పిల్లలు ఒక విడతలో ఏమి నేర్చుకొనవలెను?

గ్రామ పంచాయతీ సమావేశములలో పాఠశాల ప్రసక్తి వచ్చినపుడు సాధారణముగా చర్చకు వచ్చునవి కప్పు కురియుచున్నదా, ప్రహరీగోడ లేచినదా, కుళాయికి నీరు వచ్చుచున్నదా అనునవి. ఇవి అవసరములే. కాని ఆ కప్పు క్రింద కూర్చున్న పిల్ల జూను మొదలుకొని దసరా వరకు ఏమి నేర్చుకొన్నది అను ప్రశ్న తీర్మానముల పుస్తకమున అరుదుగా కానవచ్చును. అది ఉపాధ్యాయుల పని, మనకేమి తెలియునని పలువురు సభ్యులు సంకోచింతురు. ఈ సంకోచము అనవసరము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల పట్టికలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్యను 17వ అంశముగా చేర్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థల సభ్యులకు చోటు కల్పించినది. చదువు సాగుచున్నదో లేదో చూచుటకు సభ్యుడు పండితుడు కానక్కరలేదు. ఏ తరగతి పిల్ల ఏ మెట్టు ఎక్కవలెనో తెలిసిన చాలును. ధర్మవరము చుట్టుపట్ల పల్లెలను దృష్టియందుంచుకొని ఆ మెట్లను ఇచట వివరించుచున్నాము.

బడి సంవత్సరము జూను రెండవ వారమున మొదలై ఏప్రిలు చివర ముగియును. దసరా, సంక్రాంతి సెలవులు దానిని మూడు విడతలుగా విడదీయును. చట్టము ప్రకారము 1 నుండి 5 వరకు గల తరగతులకు సంవత్సరమునకు 200 పనిదినములు, 800 బోధన గంటలు ఉండవలెను. అనగా దినమునకు సగటున 4 గంటలు, విడతకు ఇంచుమించు 66 దినములు. వారమునకు ఒక్క దినము మాత్రమే మానుచున్నదిగదా అని మనము ఉపేక్షించు పిల్ల సంవత్సరము ముగియునప్పటికి 33 దినములు, అనగా 130 గంటలకు పైగా, పోగొట్టుకొనును. అది సగము విడత చదువు.

ఈ ప్రాంతమున బడి చదువు విషయము ఇప్పుడు క్రొత్తగా విచారింపబడుచున్నది కాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడున్న ధర్మవరము, పెనుకొండ, హిందూపురము అంతకుముందు అనంతపురము జిల్లాలోనివి; 1882లో ఆ జిల్లా ఏర్పడుటకు పూర్వము బళ్లారి జిల్లాలోనివి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలలను గూర్చి విచారణ జరిపింపగా, బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపెను. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857; బడులు 533; చదువుకొనువారు 6,641 మంది. బడికి పండ్రెండుగురు చొప్పున, జనములో వేయికి ఏడుగురు మాత్రమే. అందు బాలికలు 60 మంది. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరనియు, పై చదువువారు క్రింది వారికి నేర్పుచుండిరనియు ఆయన వ్రాసెను. పెద్ద పిల్లలచే చిన్న పిల్లలకు చెప్పించు పద్ధతిని మెచ్చుకొనెను. కాని రెండు లోపములను ఎత్తిచూపెను. పద్యములు చిలుకవలె వల్లించు పిల్లలకు వాని అర్థము తెలియకుండుట ఒకటి. రెండవది పేదరికము: లేత చేతులు పనికి వచ్చిన తోడనే తల్లిదండ్రులకు ఆ చేతుల సాయము కావలసివచ్చుచున్నది. రెండు వందల ఏండ్లు గడచినను ఈ రెండు విషయములను మనము వేరు రూపములలో ఎదుర్కొనుచునే యున్నాము.

మొదట తెలుగు. మొదటి తరగతి పిల్ల అక్షరములు గుర్తించి, నాలుగైదు చిన్న మాటలు గల వాక్యమును చదువగలుగవలెను. ఈ మెట్లకు ఉదాహరణములు వెదకుటకు దూరము పోనక్కరలేదు. తలకట్టు మాత్రమే గల ‘వల, పడవ’ వంటి మాటలు మొదటి మెట్టు. గుణింతములతో కూడిన ‘నాడె, కండె, పడుగు’ రెండవది. ఒత్తులు గల ‘పట్టు, మగ్గము’ మూడవది. వేరు హల్లులు కలిసిన ‘ధర్మవరము, చిత్రావతి’ వంటి సంయుక్తాక్షరములు నాల్గవది. పిల్ల మొదటి మూడు మెట్లెక్కి నాల్గవదాని వద్ద ఆగిపోవుట మిక్కిలి తరచుగా జరుగును. అట్టి పిల్ల మూడవ తరగతి వాచకమును ఊహతో చదువును, లేదా ప్రక్కవాని స్వరముతో కలిసి పాడును. చదువు వచ్చినదనియే మనము భ్రమింతుము. కావున వాచకము తెరచి మొదటినుండి చదువుమనుటకంటె నడుమ నున్న ఒక మాటపై వ్రేలుపెట్టి ఇదేమని అడుగుట మేలు. అంతకంటెను మేలైనది, పంచాయతీ గోడపై అంటించిన ప్రకటనయో, చౌక ధరల దుకాణము పలకయో చదివించుట. అవి ముందుగా వల్లించినవి కావు గదా.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము మూడవ తరగతి ముగియునప్పటికి పిల్ల తెలియని పాఠమును నిమిషమునకు కనీసము 60 మాటల చొప్పున అర్థము చేసికొనుచు చదువవలెనని లక్ష్యము నిర్ణయించినది. తెలుగున మాటలు దీర్ఘములు. గడియారము చేతబట్టి పిల్లను తొందరపెట్టుట దీని ఉద్దేశము కాదు. చదివిన పిమ్మట “ఇందు ఏమి చెప్పినారు?” అని అడిగిన తన మాటలలో చెప్పగలిగినదా అనునదే ముఖ్యము.

ఇంకొక సంగతి. హిందూపురము, మడకశిర వైపు పెక్కు ఇండ్లలో కన్నడము, మరికొన్ని ఇండ్లలో ఉర్దూ, తండాలలో లంబాడీ మాట్లాడుదురు. ఆ ఇండ్లనుండి వచ్చు పిల్లకు బడి తెలుగు క్రొత్త భాష. మొదటి విడతలో అట్టి పిల్ల మౌనముగా నున్నచో మందబుద్ధియని ఎంచరాదు. ఆ పిల్ల భాష తెలిసిన తల్లి యెవరైన వారమున కొకమారు వచ్చి బడిలో కథ చెప్పునట్లు సభ్యులు ఏర్పాటు చేయవచ్చును.

లెక్కలలో మొదటి తరగతికి 99 వరకు, రెండవ తరగతికి 999 వరకు, మూడవ తరగతికి 9,999 వరకు సంఖ్యలు చదువుట, వ్రాయుట రావలెను. మూడవ తరగతి చివరకు సులభమైన గుణకారములు కూడ చేయగలుగవలెను. ఈ మెట్లన్నింటికి మూలము స్థానవిలువ. పది పోగులు కలిపి ఒక ముడి వేసిన అది ‘పది’. అట్టి పది ముడులు ఒక కట్ట కట్టిన అది ‘నూరు’. విడిపోగులు ‘ఒకట్లు’. నేతపని చూచిన పిల్లకు ఇది ఒక గంటలో తెలియును. దీనిని చేతులతో చేయకుండ అంకెలు మాత్రమే దిద్దిన పిల్లకు ఏండ్లు గడచినను తెలియదు.

సభ్యులు స్వయముగా చూడదగిన పరీక్ష ఒకటి గలదు. మూడవ లేక నాల్గవ తరగతి పిల్లకు 402 నుండి 167 తీసివేయుమని ఇండు. సరియైన జవాబు 235. స్థానవిలువ పట్టుబడని పిల్ల చాలమారులు 365 అని వ్రాయును. ఎట్లనగా, ప్రతి వరుసలోను పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసివేయును: 7 నుండి 2 పోగా 5, 6 నుండి 0 పోగా 6, 4 నుండి 1 పోగా 3. ఇది అజాగ్రత్త కాదు. ఒక కట్టను విప్పి పది ముడులు చేయుట, ఒక ముడిని విప్పి పది పోగులు చేయుట ఆ పిల్ల ఎన్నడును చేయలేదని అర్థము. తరగతిలో సగము మంది 365 అని వ్రాసినచో పిల్లలను మందలింపక, ఆ పాఠము చెప్పిన వారములలో ఎందరు బడికి వచ్చిరో హాజరు పట్టీలో చూడవలెను. పడుగులో పోగు తెగినపుడు వెంటనే అతుకకున్న గుడ్డ పొడవునను గీత పడునని నేతగానికి వేరుగా చెప్పనక్కరలేదు.

పై తరగతులలో కొలతలు, భాగహారము, భిన్నములు వచ్చును. చీరె 5 మీటర్ల 50 సెంటీమీటర్లు, రవికె గుడ్డ 80 సెంటీమీటర్లు అనుకొందము. రెండును కలిసి 6 మీటర్ల 30 సెంటీమీటర్లు. ఒక పడుగున అట్టివి మూడు దిగిన 18 మీటర్ల 90 సెంటీమీటర్లు. ఈ లెక్క నాల్గవ తరగతి పిల్ల చేయగలుగవలెను. సేద్యపు ఊళ్లలో వేరుశనగ మూటలతో ఇట్టి లెక్కలే చేయింపవచ్చును. పుస్తకములోని లెక్క విడిచి ఇంటి లెక్క చేయించు ఉపాధ్యాయుడు సిలబసు తప్పుచున్నాడని కొందరు తలిదండ్రులు ఫిర్యాదు చేయుదురు. మా అభిప్రాయమున అట్టి ఉపాధ్యాయుని పక్షమున సభ్యులు నిలువవలెను.

మూడవ తరగతినుండి పరిసరముల విజ్ఞానము ప్రత్యేక పాఠ్యాంశమగును. నీరు, ఆహారము, వృత్తులు, ప్రయాణ సాధనములు, ఊరి చరిత్ర ఇందు చేరును. చిత్రావతి ఎచటనుండి వచ్చుచున్నది, ధర్మవరము చెరువును నింపి ఎందు కలియుచున్నది అని అడిగిన ఐదవ తరగతి పిల్ల పెన్నానది వరకు దారి చెప్పగలుగవలెను. 1565లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చిరన్నది పుస్తకపు వాక్యముగా గాక, బస్సులో పోయినపుడు కనబడు కొండగా తెలియవలెను. అన్నిటికంటె సులభమైనది వానలెక్క. గోడలు నిటారుగా నున్న డబ్బాను ఆరుబయట పెట్టి, మరునాడు బద్దతో కొలిచిన, సెంటీమీటరు నీరు 10 మిల్లీమీటర్ల వాన. మొదటి విడత, అనగా జూను మొదలు దసరా వరకు, మన వానకాలమే. ఈ ప్రాంతమున సంవత్సరపు సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పిల్లలు వ్రాసిన పట్టికను గ్రామసభలో చదివించినచో పెద్దలకును ఉపయోగము.

ఆంగ్లమును గూర్చి ఇచట కొద్దిగా చెప్పిన చాలును. 2020-21 నుండి ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకములలో ఒక పుట ఆంగ్లమునను, ఎదుటి పుట తెలుగునను ముద్రించుట మొదలైనది. తెలుగు పుట చదువలేని పిల్లకు ఆంగ్లపు పుట బొమ్మలు మాత్రమే. ఆంగ్లము రావలెనని కోరు తలిదండ్రులు ముందు తెలుగు పుటను చదివించి చూడవలెను.

తరగతి మారినంత మాత్రమున చదువు వచ్చినట్లు కాదని కూడ సభ్యులు ఎరుగవలెను. విద్యాహక్కు చట్టము ప్రకారము 1 నుండి 4 వరకు గల తరగతులలో పిల్లను తిరిగి అదే తరగతిలో నిలుపుటకు వీలులేదు. 2019 సవరణ 5, 8 తరగతుల విషయమున మాత్రమే రాష్ట్రములకు స్వేచ్ఛ నిచ్చినది. ఈ నియమము మంచిదే, నిలిపివేయబడిన పిల్లలలో పెక్కుమంది బడియే మానుచుండిరి. అయితే వెనుకబడిన పిల్లను విడత విడతకు కనిపెట్టవలసిన భారము దీనివలన పెరిగినది.

ఇక గైరుహాజరు. మగ్గము ఇంటనున్నపుడు కండెలు చుట్టుటకు, పసిబిడ్డను చూచుటకు మొదట నిలుపబడునది ఆడపిల్ల. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనుట నిషేధించినది. ఇంటి వృత్తిలో బడి వేళ ముగిసిన పిదప, సెలవులలో సాయపడుటకు మాత్రము, అది ప్రమాదకరము కానిచో, మినహాయింపు గలదు. బడి వేళలో నిలుపుటకు ఆ మినహాయింపు వర్తింపదు. వానలు లేక కుటుంబములు బెంగుళూరు వైపు కూలికి పోవు ఊళ్లలో పిల్లలను అవ్వతాతల వద్ద ఉంచునట్లు నచ్చచెప్పవలెను. అట్లు కుదరనిచో, తాత్కాలిక వసతి గృహములకు సమగ్ర శిక్షా పథకమున అవకాశము గలదు కనుక, మండల విద్యాధికారికి ముందుగానే అర్జీ పంపవలెను. కుటుంబము కదలిన తరువాత పంపిన అర్జీ ఎందుకును కొరగాదు. నడుమ బడి మాని తిరిగివచ్చిన పిల్లను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని చట్టమే చెప్పుచున్నది.

విడత ముగియు వారమున ఇద్దరు సభ్యులు, అందొకరు మహిళ, ప్రధానోపాధ్యాయునితో ముందు మాట్లాడి బడికి పోవుట ఉచితము. తనిఖీదారులవలె గాక పెద్దలవలె కూర్చుండి తరగతికి ముగ్గురు నలుగురు పిల్లలచే చదివించి, ఒక లెక్క చేయించి చూడవలెను. పిల్లల ఎదుట ఉపాధ్యాయుని తప్పుపట్టరాదు. తరువాత సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరచిన మూడవ దినమున హాజరు పట్టీ తిరిగి చూడవలెను. అప్పటికిని రాని పిల్లల పేర్లు వ్రాసికొని ఆ సాయంకాలమే, మగ్గములు ఆగిన వేళకు, వారి ఇండ్లకు పోవలెను.