అడిగితే ఇస్తామంటే చాలదు

తార్నాక

చిరంజీవి స్రవంతికి,

నువ్వు పంపిన ఆఫీసు నియమావళి తీరిగ్గా చదివాను. అంతా బాగానే ఉంది కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: "ప్రత్యేక అవసరాలున్నవారు మేనేజరును సంప్రదించి సడలింపు పొందవచ్చు." దాన్ని కొట్టేయమ్మా.

నేను పనిచేసిన ఆఫీసులో పెన్షన్ ఫైళ్లు చూసే ఒకావిడ ఉండేది. ఆమె చేతి మీదుగా వెళ్లిన ఫైలు ఆడిట్ నుంచి తిరిగొచ్చేది కాదు. మాటలు రాని కొడుకును స్కూలు వ్యాను ఎక్కించి, బస్సు పట్టుకుని వచ్చేసరికి పదీ నలభై అయ్యేది. అప్పటికే హాజరు పట్టీ సూపరింటెండెంట్ బల్ల మీదికి చేరి, ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరా గీత పడిపోయేది. మూడు గీతలకు ఒక సీఎల్ కోత. సాయంత్రం ఆరున్నర దాకా కూర్చున్నా ఆ గీత చెరిగేది కాదు. అర్జీ పెట్టుకుంటే ఇచ్చేవారేమో. కానీ అర్జీ అంటే పదిమంది వింటుండగా కొడుకు సంగతి చెప్పుకోవడం. ఆమె ఆ అర్జీ పెట్టలేదు, వలంటరీ రిటైర్మెంటుకు పెట్టింది. తర్వాత ఆ సీట్లోకి వచ్చినాయన పదింటికి ఠంచనుగా వచ్చేవాడు. ఫైళ్లే కదిలేవి కావు.

కాబట్టి పదకొండు నుంచి నాలుగు దాకా అందరూ అందుబాటులో ఉండాలి, మిగతా గంటలు ఎవరి వీలు వారిది అని రాయి. కారణం అడగొద్దు. "మహిళా ఉద్యోగులకు" అని మాత్రం రాయకు. అలా రాస్తే ఇంటర్వ్యూలో ఆడపిల్ల కూర్చోగానే మీవాళ్లు మనసులో లెక్కలు మొదలుపెడతారు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు చాలా కంపెనీలు ఇదే లెక్క వేసుకున్నాయని నా అనుమానం. ముందుగా నాలుగింటికి లేచి వెళ్లాల్సింది మీ టీమ్ లీడరే. అతనికీ బడికెళ్లే కూతురుంది కదా! అతను వెళ్తే మిగతావాళ్లకు బెరుకు పోతుంది. పగలు వెసులుబాటు ఇచ్చాం కదా అని రాత్రి పదింటికి ఫోన్లు చేస్తే మాత్రం ఇచ్చింది లాగేసుకున్నట్టే.

ఇంకొకటి. మీ ఆఫీసులో ఇరవై మంది దాటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం, దాని నియమాల ప్రకారం అలాంటి సంస్థ తాను కల్పించే సదుపాయాలను సమాన అవకాశాల విధానంలో రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. నీ డ్రాఫ్టులో ఆ ఊసే లేదు. పైగా మీ ఉద్యోగ దరఖాస్తు ఫారం చివర వంకర అక్షరాల బొమ్మ పెట్టి, చదివి టైప్ చేయమన్నారు. తెల్లకర్రతో ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచే విద్యార్థులను నువ్వూ ఉస్మానియాలో చదివేటప్పుడు చూసే ఉంటావు. కంప్యూటరు తెర మీద ఉన్నది చదివి వినిపిస్తే వాళ్లు నీకన్నా వేగంగా పనిచేస్తారు. ఆ బొమ్మను మాత్రం కంప్యూటరు చదవలేదు. వాళ్లు నీ ఇంటర్వ్యూ దాకానే రారు, రాలేదన్న సంగతి నీకు తెలియనూ తెలియదు.

ఆర్ట్స్ కాలేజీ 1939 నాటి కట్టడం. ఆ మెట్లు కట్టినవాళ్లకు చక్రాల కుర్చీ ఆలోచన రాలేదంటే సరేలే అనుకుందాం. ఇప్పుడు ఆఫీసుకు చోటు అద్దెకు చూసుకుంటున్నదానివి నువ్వు. లిఫ్టు లేని రెండో అంతస్తు ఎందుకు చూశావు? మెట్రో స్టేషన్‌లో లిఫ్టు దిగి ఇక్కడిదాకా వచ్చిన మనిషి నీ మెట్ల దగ్గర ఆగిపోవాలా? "ఎవరైనా చేరితే అప్పుడు చూద్దాం" అన్నావట. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఈ ధోరణినే కాదంది. శామీర్‌పేట నల్సార్ వాళ్ల నివేదికను ముందు పెట్టుకుని, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, కొన్నింటినైనా తప్పనిసరి నియమాలుగా మార్చమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. నేను ఆఫీసులో వేలకొద్దీ సర్క్యులర్లు చూశాను. "వీలైనంత వరకు" అని ఉన్నది ఒక్కటీ అమలు కాలేదు.

నాచారం రోడ్డులో కింది అంతస్తు ఒకటి ఖాళీగా ఉంది. గుమ్మం ముందు ఒకే మెట్టు, దాని మీద ఏటవాలుగా సిమెంటు పోయించుకోవచ్చు. ఇంటాయన ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు, నేను మాట్లాడతాను. ఆదివారం రా. అత్తయ్య నిన్ను మరీ మరీ అడిగానని చెప్పమంది.

నీ మేనమామ