ఆటకు కావలసింది పింగ్

బదిలీ మీద సూరత్ వచ్చి వడోద్‌లో అద్దెకు దిగాక, మా అబ్బాయి గేమింగ్ రౌటర్ కావాలని పట్టుబట్టాడు. ఎనిమిది యాంటెన్నాలు, ధర రూ.15,000. ముందు ఒక పరీక్ష చేద్దామన్నాను.

ఆటలో ఎంబీపీఎస్ కంటే పింగ్ ముఖ్యం. అంటే మనం నొక్కిన మీట సంగతి సర్వర్‌కు చేరి జవాబు తిరిగొచ్చే సమయం. ల్యాప్‌టాప్ నుంచి మా పాత రౌటర్‌కే పింగ్ చేశాం. కేబుల్‌తో 1 మిల్లీసెకను. వైఫైలో 3 నుంచి 90 దాకా గెంతులు. లోపం బయటి లైనులో కాదు, ఇంటి గాలిలోనే ఉందన్నమాట.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో అందరి రౌటర్లూ వాటి మీదే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటెక్కువ, కానీ రెండు గోడలు దాటితే నీరసపడుతుంది.

అందుకే డ్యూయల్ బ్యాండ్, వైఫై 6, గిగాబిట్ పోర్టులున్న మామూలు రౌటర్ చాలనుకున్నాం. క్యూఓఎస్ మాత్రం ఉండాలన్నాను. వాళ్లమ్మ పెళ్లి వీడియోలు అప్‌లోడ్ చేస్తున్నా ఆటకు దారి వదిలేది అదే. సర్వర్ సింగపూర్‌లో ఉంటే ఆ దూరాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు.

కంప్యూటర్‌కు పది మీటర్ల క్యాట్ 6 కేబుల్ లాగాం. మిగిలిన డబ్బు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.