“పర్లేదండి” అంటే సరిపోదు

విశాఖ హోమీ భాభాలోనో, హైదరాబాద్ బసవతారకంలోనో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని పాలకొల్లు చేరినావిడకి రాత్రికి రాత్రి కుట్లు చీము పడితే సర్జన్ అందుబాటులో ఉండరు. ఉండేది విలేజ్ క్లినిక్‌లోనో, నర్సింగ్ హోమ్‌లోనో పనిచేసే మీరే. మీ చేతిలో ఫోనుంది కదా, ఇంటికెళ్లిన పేషెంటుని దాంతోనే కనిపెట్టుకుని ఉండొచ్చు.

“ఎలా ఉందమ్మా?” అని మెసేజ్ పెట్టారో, మన గోదావరి మర్యాదకి “పర్లేదండి” అనే వస్తుంది. అంకెలడగండి. జ్వరమెంత? నొప్పి పదికి ఎంత? డ్రెయిన్ డబ్బాలో నిన్నటి నుంచి ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రంగు? రోజూ అదే వేళకి, అవే ప్రశ్నలు. 80, 60, 40 అని దిగుతూ, ఎరుపు తగ్గి పసుపులోకి మారుతుంటే మంచిదే. 40కి దిగింది మళ్లీ 90కి ఎక్కినా, ఉన్నట్టుండి ఆగిపోయి చర్మం కింద ఉబ్బినా ఆ పూటే సర్జన్‌కి చెప్పాలి.

ఫోటో అయితే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, మూరెడు దూరం నుంచి. చామనచాయ ఒంటి మీద ఎరుపు ఫోటోలో సరిగా తెలీదు. వేడిగా ఉందా, గట్టిపడిందా అని విడిగా అడగాల్సిందే. అసలు ఆ ఫోన్ ఎవరిది? చాలా ఇళ్లలో కొడుకుదో అల్లుడిదో అయి ఉంటుంది. ఆవిడ సిగ్గుపడితే ఫోటో ఊసెత్తకండి, వివరంగా మాట్లాడితే చాలు. ఫోటో వస్తే మాత్రం స్టాఫ్ గ్రూపులో పెట్టనేకూడదు.

ఫోన్ చూపించే అడుగుల లెక్కని నేను నమ్మను. ఆవిడ పెరట్లో తిరుగుతుంటే ఫోన్ టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంటుంది.

అమెరికాలో ఈథన్ బాష్ బృందం 766 మంది క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్లు కీమో తీసుకుంటున్నవాళ్లు, ఆపరేషన్ వాళ్లు కాదు. బాధలు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో చెప్పుకున్నవాళ్ల మధ్యగత (మీడియన్) ఆయుష్షు మిగతావాళ్ల కంటే 5 నెలలు ఎక్కువ. బాధ ముదిరిందని నమోదవగానే నర్సుకి కబురు వెళ్లేది, ఆవిడ స్పందించేది. మన దగ్గర తెగిపోయేది అక్కడే: మెసేజ్ వస్తుంది, చూసేవాళ్లుండరు.

అందుకని మీ సెలవు రోజున ఎవరు చూస్తారో ముందే తేల్చి, ఆ నంబరు ఆవిడకివ్వండి. జ్వరం 100.4 దాటితే మెసేజ్ కాదు, ఫోనే చెయ్యమనండి. ఆయాసమొచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా మీకు కూడా కాదు, నేరుగా 108కే.