లాప్‌టాప్‌కి బొట్టుబిళ్ళ

మా అక్క తన లాప్‌టాప్ కెమెరా మీద ఎప్పుడూ ఒక నల్ల బొట్టుబిళ్ళ అంటించి ఉంచుతుంది. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అమ్మ అది చూసి, "ఇదేంటే, దీనికి కూడా దిష్టి తగులుతుందా?" అంది. అక్క నవ్వి, "దానికి కాదమ్మా, నాకు" అంది. మాట అక్కడితో అయిపోయింది గానీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. కెమెరా ఆన్ అయితే పక్కన చిన్న లైటు వెలుగుతుంది కదా. మళ్ళీ బొట్టుబిళ్ళ ఎందుకు?

ఫోనో లాప్‌టాపో కొనేటప్పుడు మనం బిల్డ్ క్వాలిటీ అంటే గ్లాసు, మెటల్ ఫ్రేము, ఎంత సన్నగా ఉంది అని చూస్తాం. ప్రైవసీ అంటే యాప్ పర్మిషన్లు అనుకుంటాం. రెండూ వేర్వేరు సబ్జెక్టులన్నట్టు. ఆ లైటు గురించి చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది వేరు. ప్రైవసీలో చాలా భాగం ఏ తీగ ఎక్కడికి వెళ్ళింది, ఏది స్క్రూతో బిగించారు, ఏది జిగురుతో అంటించారు అన్న దగ్గరే తేలిపోతుంది.

ఇంట్లో ఇస్త్రీపెట్టె చూడండి. లోపల కాయిల్‌కి కరెంటు వెళ్తున్నంతసేపూ దాని లైటు వెలుగుతుంది. థర్మోస్టాట్ కట్ చేయగానే ఆరిపోతుంది. మధ్యలో ఏ ప్రోగ్రామూ లేదు, అబద్ధం చెప్పేవాళ్ళూ లేరు. కెమెరా లైటు కూడా ఇలాంటిదే అని మనందరి నమ్మకం.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన మాథ్యూ బ్రాకర్, స్టీఫెన్ చెకోవే 2013లో ఈ నమ్మకాన్నే పరీక్షించారు. 2008 నాటివి, అంతకు ముందువి అయిన కొన్ని మ్యాక్‌బుక్‌లు, ఐమ్యాక్‌లలోని కెమెరాని తీసుకున్నారు. దాన్ని డిజైన్ చేసినవాళ్ళు నిర్లక్ష్యంగా ఏమీ చేయలేదు, ఇది గమనించాలి. లైటుని సాఫ్ట్‌వేర్ చేతికి ఇవ్వకుండా ఇమేజ్ సెన్సర్ స్టాండ్‌బై పిన్నుకే కలిపారు. సెన్సర్ నిద్రలో ఉంటే లైటు ఆరి ఉంటుంది, లేస్తే వెలుగుతుంది. మన ల్యాబ్ ఎగ్జామ్‌లో ఈ సర్క్యూట్ గీస్తే ఫుల్ మార్కులే.

లొసుగు ఇంకోచోట ఉంది. ఆ సెన్సర్ లోపలి కాన్ఫిగరేషన్ మారిస్తే అది స్టాండ్‌బై పిన్ను మీద వచ్చే సిగ్నల్‌ని పట్టించుకోవడం మానేస్తుంది. సెన్సర్‌ని నడిపే మైక్రోకంట్రోలర్ ఫర్మ్‌వేర్‌నేమో కంప్యూటర్ నుంచే యూఎస్‌బీ మీదుగా కొత్తగా ఎక్కించవచ్చు, దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడగదు. ఈ రెండూ కలిపితే ఏమవుతుంది? పిన్ను మీద "నిద్రపో" అన్న సిగ్నల్ అలాగే ఉంచి, లోపల మాత్రం "ఆ మాట వినకు" అని రాసేశారు. లైటు ఆరిపోయింది. కెమెరా చూస్తూనే ఉంది.

ఇది చదివిన రోజు నేను అక్కకి ఫోన్ చేసి నీ బొట్టుబిళ్ళ కరెక్టే అని ఒప్పుకున్నాను. తమ్ముళ్ళకి ఇది మామూలు విషయం కాదు.

లైటు కెమెరా "ఆజ్ఞ"కి కాకుండా కెమెరా "కరెంటు"కి కలిసి ఉండాలి. సెన్సర్‌కి పవర్ వెళ్ళే తీగ మీదే లైటు ఉంటే, సెన్సర్ బతికున్నంతసేపూ లైటు బతికే ఉంటుంది. అయినా ఇంకో చిక్కు మిగులుతుంది. ఒక్క ఫొటో తీయడానికి క్షణకాలం చాలు, అంతలో వెలిగి ఆరిపోయే లైటుని కన్ను పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి ఒకసారి వెలిగితే కొన్ని సెకన్లు ఆరకుండా ఉంచే టైమర్ కూడా హార్డ్‌వేర్‌లోనే కావాలి. ఇవన్నీ ఎందుకు, ఒక ప్లాస్టిక్ తలుపు పెడితే పోదా అంటే, పోతుంది. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో 2018 నుంచి అలాంటి జరిపే మూత వస్తోంది. అది మరీ సన్నటి లాప్‌టాప్‌కి మనం బయట కొని అంటిస్తే మాత్రం ఇబ్బంది. మూసినప్పుడు స్క్రీన్‌కీ కీబోర్డుకీ మధ్య సందు ఎంత తక్కువంటే, 0.1 మిల్లీమీటరు కన్నా మందమైన కవర్ వాడితే స్క్రీన్ పాడవ్వొచ్చని ఆపిల్ హెచ్చరించింది. సన్నదనం కోసం చేసిన డిజైన్‌లో మనం పెట్టుకునే రక్షణకే చోటు లేకుండా పోయింది.

మైకు సంగతి ఇంకా కష్టం, దానికి బొట్టుబిళ్ళ పనిచేయదు. 2018 నాటి టీ2 చిప్పున్న మ్యాక్‌బుక్‌లలో మూత మూస్తే మైకు హార్డ్‌వేర్‌లోనే తెగిపోయేలా చేశారు. ఇది మంచి ఇంజినీరింగ్. దీనికి పూర్తి వ్యతిరేకం గూగుల్ నెస్ట్ సెక్యూర్ అనే ఇంటి అలారం. దానికి వాయిస్ అసిస్టెంట్ వస్తోందని 2019 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు గానీ అందులో మైకు ఉందని కొన్నవాళ్ళకి తెలియలేదు. స్పెసిఫికేషన్లలో రాయకపోవడం పొరపాటేనని, అప్పటిదాకా దాన్ని ఆన్ చేయలేదని కంపెనీ చెప్పింది. ఆన్ చేయలేదన్నది నిజమే అనుకుందాం. కానీ దొంగల భయంతో కొన్న పెట్టెలో ఏముందో కొన్నవాడికే చెప్పకపోతే ఎలా?

ఇక జిగురు సంగతి. ఇది నా సొంత అనుభవం.

పోయిన సెమిస్టర్‌లో నా ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక ప్యానెల్ పైకి లేచింది. మా నాన్న పాత నోకియాకైతే గోరుతో వెనక మూత తీసి, బ్యాటరీ మార్చుకుని వచ్చేసేవాళ్ళం. నాది జిగురుతో అంటించిన బ్యాటరీ, హాస్టల్ గదిలో తీసే ధైర్యం లేదు. షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అన్న "ప్యాటర్న్ లాక్ చెప్పు తమ్ముడూ" అన్నాడు. బ్యాటరీ మార్చడానికి లాక్ ఎందుకన్నా అంటే, "చెక్ చేయాలి కదా" అన్నాడు. చెప్పేశాను. దాన్ని ఒక చీటీ మీద గీసి ఫోన్ వెనకాలే అంటించి, ఇంకో పది ఫోన్ల పక్కన పెట్టాడు. సాయంత్రం దాకా నా ఫోన్, దాని తాళంచెవి వీపున కట్టుకుని అలా పడి ఉంది. అందులో మా ఇంటి గ్రూపు, బ్యాంకు యాప్, ఒక ఫ్రెండ్ నన్ను నమ్మి పంపిన మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి. వాటిలో సగం నావి కూడా కావు. ఆ అన్న ఏమీ చూసి ఉండడు, నాకు తెలుసు. కానీ తెలుసు అనడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు.

కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించి 2022లో రాశారు. లాగిన్ అవసరమే లేని బ్యాటరీ మార్పిడికి కూడా షాపుల వాళ్ళు దాదాపు అందరూ పాస్‌వర్డ్ అడిగారు. తర్వాత, రహస్యంగా లాగ్ రికార్డయ్యే లాప్‌టాప్‌లను 16 చోట్ల రిపేరుకిస్తే, 6 చోట్ల టెక్నీషియన్లు సొంత ఫైళ్ళు తెరిచి చూశారు.

జిగురంతా కంపెనీల కుట్ర అని నేను అనను. సన్నదనం, నీళ్ళు లోపలికి పోకుండా ఆపడం, ఈ కారణాలున్నాయి. కానీ 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5కి ఐపీ67 రేటింగూ ఉంది, గోరుతో ఊడే మూతా ఉంది. అంటే కుదరనిదేమీ కాదు, ఎంచుకోలేదంతే. యూరోపియన్ యూనియన్ చట్టం 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్ళే బ్యాటరీ తీసి మార్చుకోగలిగేలా ఉండాలంటోంది. మన దగ్గర 2017 పుట్టస్వామి తీర్పులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి ప్రైవసీ ప్రాథమిక హక్కు అంది. కాన్‌స్టిట్యూషన్ పేపర్‌లో రెండు మార్కుల ప్రశ్నగా అందరం రాసినదే. ఆ హక్కుకీ షాపులో ఆ చీటీకీ సంబంధం ఉందని అప్పుడు తట్టలేదు. ఈలోగా రిపేరుకిచ్చే ముందు, మీ ఫోన్‌లో ఉంటే, మెయింటెనెన్స్ మోడ్ ఆన్ చేసి ఇవ్వండి. శాంసంగ్‌లో 2022 నుంచి, పిక్సెల్‌లో 2023 చివరి నుంచి ఉంది. మన ఫైళ్ళు కనపడకుండా ఫోన్ పనిచేస్తుంది. షాపుకెళ్ళేటప్పుడు నాకు ఈ ఆప్షన్ సంగతే తెలియదు.

ఇంతా రాసి, మా మినీ ప్రాజెక్టు బోర్డు చూసుకుంటే సిగ్గేసింది. ల్యాబ్‌లోకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే యూఎస్‌బీ కెమెరా అది, రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తుంది. "కెమెరా ఆన్‌లో ఉంది" అని చూపడానికి ఒక ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాం. దాన్ని వెలిగించేది జీపీఐఓ పిన్ను, ఆ పిన్నుని నడిపేది నేను రాసిన రెండు లైన్ల పైథాన్. ఆ రెండు లైన్లూ కామెంట్ చేస్తే చాలు, లైటు ఉండదు, కెమెరా ఉంటుంది. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు కష్టపడి చేసిన పని మా దాంట్లో ఫస్టియర్ పిల్లాడు చేసేస్తాడు.

పోయిన శనివారం యూఎస్‌బీ కేబుల్ చీల్చి, 5 వోల్టుల తీగ మధ్యలో ఒక స్లైడ్ స్విచ్ పెట్టాం. ఎల్‌ఈడీని రెసిస్టర్‌తో కలిపి స్విచ్ తర్వాత, కెమెరా వైపు సోల్డర్ చేశాం. స్విచ్ వేస్తే రెండూ, ఆపితే రెండూ. ప్రతిసారీ కెమెరా మళ్ళీ డిటెక్ట్ అవ్వడానికి కొన్ని సెకన్లు పడుతోంది. డెమోలో అది బాగోదు, పాత పద్ధతే పెట్టమని మా టీమ్‌లో ఒకడి గొడవ. రివ్యూ వచ్చే గురువారం. ప్రస్తుతానికి స్విచ్ ఉంది.