ఉస్తాదు – షాగిర్దు: అసంఘటిత రంగంలో వృత్తి శిక్షణ

వృత్తి విద్య అనగానే మనకు ఐ.టి.ఐ. భవనము, హాజరు పట్టిక, సర్టిఫికెట్టు స్ఫురిస్తాయి. కాని వర్ధమాన దేశాలలో చేతిపని నేర్చిన యువకులలో అనేకులు ఏ శిక్షణాలయపు మెట్లూ ఎక్కినవారు కారు. పశ్చిమాఫ్రికాలోని ఘానా, బెనిన్ దేశాలలో గాని, మన గోదావరిఖనిలో గాని వారి పాఠశాల రోడ్డు పక్క షెడ్డు. వారి ఉపాధ్యాయుడు ఉస్తాదు. అక్కడ తల్లిదండ్రులు ఉస్తాదుకు ఫీజు చెల్లించే ఆచారమున్నది. ఇక్కడ ఉస్తాదే షాగిర్దు చేతిలో సాయంత్రం కొంత పైకం పెడతాడు.

రామగుండం ప్రాంతానికి సింగరేణి గనులు, 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం పేరు తెచ్చాయి. వాటి నీడలోనే లారీలకు కమాన్ కట్టలు మార్చేవారు, వెల్డింగు చేసేవారు, లేతు నడిపేవారు, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవారు బ్రతుకుతున్నారు.

మేము అప్పుడప్పుడు వెళ్లి కూర్చొనే మోటార్ వైండింగు దుకాణమొకటి ఉన్నది. అక్కడ చేరిన కుర్రవాడు మొదట ఊడుస్తాడు, టీ తెస్తాడు, పానాల నంబర్లు కంఠస్థం చేస్తాడు. 'పన్నెండు పదమూడు' అనే పిలుపు పూర్తి కాకముందే పానా ఉస్తాదు చేతిలో ఉండాలి. తరువాత కాలిన తీగను ఊడదీసి చుట్లు లెక్కించడం, తీగ మందం కొలవడం, స్లాట్లలో కాగితం అమర్చడం, కొత్త కాయిల్ చుట్టి దించడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం ఒకదాని వెంట ఒకటి అబ్బుతాయి. ఎవరూ ఉపన్యాసమివ్వరు. తప్పు చేస్తే తిట్లు పడతాయి, ఒక్కొక్కప్పుడు దెబ్బ కూడా. దీనిని గురుభక్తి పేరిట సమర్థించుట మాకు ఇష్టం లేదు.

ఉస్తాదు వద్ద ఒక పాత నోటుబుక్కు ఉన్నది. ఏ మోటారుకు ఎన్ని స్లాట్లు, ఎన్ని చుట్లు, ఏ నంబరు తీగ అన్నది అందులో ఉర్దూలో వ్రాసి ఉంటుంది. షాగిర్దు చదివింది తెలుగు మాధ్యమం. ఆ పుస్తకం అతని కళ్లెదుటే ఉన్నా అతనికి మూసిన పుస్తకమే. అన్ని చుట్లే ఎందుకు వేయాలో అతనికి తెలియదు. నిజానికి ఉస్తాదుకూ తెలియదు. లెక్కించడానికి వీలులేనంతగా మాడిన కొత్త రకం మోటారు వచ్చిన నాడు ఇద్దరూ ఊహ మీదనే ఆధారపడతారు. ఈ పద్ధతిలోని అసలు లోపం ఇదే: ఉస్తాదుకు తెలిసినంతవరకే షాగిర్దు ఎదగగలడు. పక్కనున్న మోటారుసైకిలు మెకానిక్కుదీ ఇదే అవస్థ. 2020లో బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చిన తరువాత కార్బొరేటరు తొలగి ఇంధన ఇంజెక్షను, సెన్సార్లు వచ్చాయి. పాతికేళ్ల అనుభవం గల ఉస్తాదు కొత్త బండి ముందు మళ్లీ విద్యార్థి అయినాడు.

మరి చట్టం ఏమంటున్నది? 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద 2019లో సవరించిన నియమాల ప్రకారం ముప్పైమంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి; నలుగురున్నది ఇష్టమైతే తీసుకోవచ్చు. మన షెడ్డులో ఉస్తాదును, ఇద్దరు కుర్రవాళ్లను కలిపి లెక్కించినా ముగ్గురే! సింగరేణి సంస్థ స్టైపెండు ఇచ్చి తీసుకొనే ట్రేడు అప్రెంటిస్‌లు ఐ.టి.ఐ. ఉత్తీర్ణులు. 1966లో గనుల వృత్తి శిక్షణ నియమాలు వచ్చినప్పటి నుండి శిక్షణ లేనిదే కొత్త కార్మికుని గనిలోకి దింపరు. అదే గనికి కూతవేటు దూరంలో కుర్రవాడు కళ్లద్దాలు లేకుండా వెల్డింగు చేస్తుంటే అడిగేవారు లేరు. పద్నాలుగేళ్లు నిండని పిల్లవానిని కూర్చోబెడితే మాత్రం అది శిక్షణ కాదు, నేరం.

ఆరేళ్లు వైండింగు నేర్చిన యువకుడొకడు ఒక కాంట్రాక్టు సంస్థకు వెళ్లి, కాలిన మోటారు ఇచ్చి తనను పరీక్షించమన్నాడట. వారు కాగితం అడిగారు. అతడు తిరిగి వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నాడు.

షెడ్లు మూయించి పిల్లలను రెండేళ్లు ఐ.టి.ఐ.కి పంపమనే సలహా వినసొంపుగా ఉంటుంది. ఆ సాయంత్రపు పైకం మీద ఇల్లు గడిచేవారికి అది సాధ్యం కాదు. బెనిన్ దేశంలో అవలంబించిన పద్ధతి మాకు నచ్చింది. అక్కడ షాగిర్దు వారంలో ఒక రోజు శిక్షణ కేంద్రంలో లెక్కలు, సిద్ధాంతం నేర్చి, మిగిలిన రోజులు ఉస్తాదు వద్దనే పని చేస్తాడు. చివర పరీక్ష, ధ్రువపత్రం ఉంటాయి. మన దేశంలోనూ పూర్వ నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు 2015 నుండి కౌశల్ వికాస్ యోజనలో వచ్చింది. అయితే అది ఉన్న విద్యను గుర్తిస్తుందే గాని లేని విద్యను నేర్పదు. 2023లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 208వ సిఫారసు అసంఘటిత రంగపు శిష్యరికాన్ని కూడా పట్టించుకొన్నది.

ఇందులో మన కళాశాల చేయదగినది చిన్నదే. మాకు తెలిసిన షెడ్లలో శుక్రవారం మధ్యాహ్నం పని పలుచగా ఉంటుంది. ఆ రెండు గంటలు ఉస్తాదులను, షాగిర్దులను కలిపి పిలువవచ్చు. ఎన్నాళ్లు నేర్పుతారో, ఏమి నేర్పుతారో, ఎంత ఇస్తారో ఒక కాగితం మీద వ్రాయించవచ్చు. ఉస్తాదు నోటుబుక్కును ఉర్దూ, తెలుగు లిపులలో పక్కపక్కన వ్రాసే పనికి మన విద్యార్థులే చాలుదురు; రెండు భాషలు ఎరిగినవారు మన తరగతులలో ఉన్నారు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మల్టీమీటర్లున్నాయి. శుక్రవారం ఆ గది తాళంచెవి ఎవరి వద్ద ఉండాలో కమిటీవారు నిర్ణయిస్తే, వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.