మగ్గం గుంట - నడుము నొప్పి

కరవు కాలంలో సైతం రాయలసీమలో ఆగకుండా వినిపించే ధ్వని మగ్గపు చప్పుడు. కర్నూలు ప్రాంతంలో ఎమ్మిగనూరు, కోడుమూరు. కడప ప్రాంతంలో జమ్మలమడుగు, మాధవరం, పుల్లంపేట నేతకు పేరెన్నికగన్న ఊళ్ళు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘం నేతగాని కడుపు బాధను కొంత తీర్చింది. అతని నడుము బాధను గురించి ఆలోచించినవారు మాత్రం అరుదు. నొప్పిని అతడు తలరాత అంటాడు, నసీబు అంటాడు, వయసు మీదపడిందంటాడు. ఈ మాట ఎంతవరకు నిజమో విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

గుంట మగ్గం పనితీరును గమనించండి. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోనికి దించి, తొక్కుడు చెక్కలను మార్చి మార్చి తొక్కుతాడు. ఒక చేత తాడు లాగి నాడెను పరుగెత్తిస్తాడు. రెండవ చేత పలకను లాగి పేకను బిగిస్తాడు. చూపు పోగు మీద. మెడ, వెన్ను ముందుకు వంగి ఉంటాయి. వీపునకు ఆనుడు లేదు. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే కండరం సడలదు; బిగిసిన కండరంలో రక్తప్రసారం తగ్గుతుంది; అందుచేత మొదట అలసట, పిదప నొప్పి. పైగా, నిలుచున్నప్పటికంటె వంగి కూర్చున్నప్పుడు వెన్నుపూసల నడుమనుండే మెత్తని బిళ్ళలపై ఒత్తిడి అధికం. కనుక నొప్పికి మూలం నుదుటి వ్రాతలో కాక కూర్చున్న తీరులో వెదకవలెను.

ఇది కొత్త సత్యం కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తి వ్యాధులపై గ్రంథం ప్రకటించి, రోగిని వృత్తి యేమిటని కూడ అడగవలెనని తోటి వైద్యులకు బోధించాడు.

మన తెలుగునేలపై ఇంకొక దృష్టాంతం ఉన్నది. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడమంటే చేతిని కొయ్యమేకుల చుట్టూ వేల మార్లు త్రిప్పడం. ఒక్క చీరకే సుమారు 9,000 మార్లు. తల్లి లక్ష్మి భుజపు నొప్పిని చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ పొందాడు. ఓర్చుకొమ్మని ఆయన తల్లికి చెప్పలేదు; పనిముట్టునే మార్చాడు.

యంత్రం లేనిచోట ఆచరింపదగినవీ ఉన్నవి. తండ్రి కొలతకు త్రవ్విన గుంట కొడుకుకు సరిపడదు. కూర్చునే చెక్క ఎత్తును, తొక్కుడు చెక్కల దూరాన్ని పనిచేసేవాని కాళ్ళను బట్టి అమర్చుకొనవలెను. చెక్కపై దుప్పటి మడత వేయవలెను. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడిచి, నడుము వెనుకకు సాచవలెను. వెలుతురు చాలినంత ఉంటే మెడ వంగడం తగ్గుతుంది. నేసినదానికే కూలి దొరికేవానికి ఈ విశ్రాంతి నష్టమని తోచవచ్చు. నడుము పడిపోయిన నాడు పోయేది ఒక్క గజం కూలి కాదు, ఇంటి జీవనమే. విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు జీర్ణకోశానికి, మూత్రపిండాలకు హానికరం. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రంపై పట్టు తప్పినా ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను.

విద్యార్థులారా! మీలో పలువురు మగ్గం చప్పుడు వింటూ పెరిగినవారే. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ నాయన, మీ అబ్బాజాన్ కూర్చునే చెక్క ఎత్తును ఒకసారి కొలవండి. చదివిన చదువు ఇంటికి చేరడమంటే అదే.